మూడుసార్లు ఎక్కి దిగాలి

పాత కార్లకు ధర కట్టే ఆ అమ్మాయిని యార్డులో అందరూ డాక్టరమ్మ అనేవాళ్ళు. చేతిలో చిన్న టార్చి, మెడలో రంగు మందం కొలిచే మీటరు, కళ్ళు మూసుకుని ఇంజను చప్పుడు వినే తీరు చూస్తే ఎవరికైనా ఆ పేరే తడుతుంది. కారు పక్కన ఐదు నిమిషాలు నిలబడితే చాలు, దాని యజమాని జాతకం చెప్పేస్తుందని ప్రతీతి. క్లచ్ అరిగిపోయిందంటే రద్దీ రోడ్ల మీద రోజూ ఆఫీసుకెళ్ళే మనిషి. వెనక సీటు మీద పెన్సిలు గీతలుంటే ఇంట్లో బడిపిల్లలున్నట్టు. డ్రైవరు సీటు ఒక్కటే గుంటపడి, మిగతావన్నీ కొత్త పెళ్ళికూతుళ్ళలా నిగనిగలాడుతుంటే ఆయన ఒంటరివాడు, లేదా ఒంటరిగా ఉంటే ఎంత బాగుండునో అనుకునేవాడు.

ఆ ఉదయం ఆమె ముందున్నది ఒక ఎత్తు బండి. కొండలెక్కడానికి, వాగులు దాటడానికి పుట్టిందని ప్రకటనల్లో చెప్పే రకం. మూడేళ్ళు వాడి అమ్మకానికి తెచ్చారు. డాక్టరమ్మ కింద పడుకుని టార్చి వేసింది. దుమ్ముంది, బురద లేదు. నాలుగు చక్రాలూ ఒకేసారి లాగేందుకు వేసే చిన్న గేరు కదపబోతే కొత్త కోడలిలా బిగుసుకుంది. ఎవరూ ఏనాడూ ముట్టుకోలేదన్నమాట. బురదలో దిగబడితే లాగడానికి పెట్టిన కొక్కేనికి కంపెనీ అంటించిన స్టిక్కరు ఇంకా అలాగే ఉంది. కాళ్ళ కింద పట్టా ఎత్తితే బిస్కెట్ పొడి, ఒక పసివాడి మేజోడు, సరుకుల చీటీ దొరికాయి.

"ఇది దాటిన పెద్ద వాగు ఏదంటావ్?" అన్నాడు పక్కనే నిలబడిన సేల్స్ మనిషి. మండుటెండలో కూడా మెడలో టై విప్పడు గనక అతనికి టై గారని పేరు.

"నీళ్ళతో కడిగే షెడ్డు" అంది డాక్టరమ్మ.

టై గారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయినా సరే డాక్టరమ్మా, పదిమంది వస్తే ఎనిమిదిమంది దీన్నే అడుగుతున్నారు. మిగతా ఇద్దరు కూడా మనసులో దీన్నే పెట్టుకుని, మొహమాటపడి చిన్నది చూపించమంటున్నారు."

తను చెప్పింది హాస్యమేనని డాక్టరమ్మకి తెలుసు. నవ్వు మాత్రం రాలేదు. వాళ్ళ నాన్న పోయి నాలుగు నెలలైంది. మూడు రోజులు ఏకధాటిగా ఏడ్చింది. నాలుగో రోజు పొద్దున ఎవరో కుళాయి కట్టేసినట్టు ఏడుపు ఆగిపోయింది. దాంతోపాటు మిగతావి కూడా ఆగిపోయాయి. టీ వేడిగా ఉందో చల్లారిందో నోటికి తెలియదు. పెళ్ళై ఇంకా ఏడాది నిండలేదు. మొగుడు పాపం రోజూ ఆమె టిఫిన్ డబ్బా మూత లోపల ఒక చీటీ అంటిస్తాడు. 'ఈ డబ్బా తెరిచినవాళ్ళ ముక్కు చాలా బాగుంటుంది' అని ఒకరోజు, 'సాయంత్రం వానొస్తే నన్నే తిట్టు, నేనే పిలిచాను' అని ఇంకోరోజు. ఆమె చదివి, మడతపెట్టి, తేదీల వరసలో సొరుగులో పెడుతుంది, కారు సర్వీసు కాగితాలు దాచినట్టు.

మధ్యాహ్నం అన్నయ్య ఫోన్ చేశాడు.

"చిన్నీ, శనివారం నాన్న కారు తీసుకొస్తున్నా. అది ఇచ్చేసి వేరేది తీసుకుంటా."

"ఏది?"

"మీ షోరూమ్ అద్దాల్లో పెట్టారే, ఆకుపచ్చది. పెద్దది."

"నువ్వు వెళ్ళేది ఆఫీసుకి. మధ్యలో నీకు ఏ కొండ అడ్డమొస్తోంది?"

"స్పీడు బ్రేకర్లు లేవేంటి?"

"నేల విడిచి సాము అంటే ఇదే అన్నయ్యా."

"మా పార్కింగులోకొచ్చి చూడు. అటు పెద్దదే, ఇటు పెద్దదే. మధ్యలో మన కారు తప్పిపోయిన కోడిపిల్లలా ఉంటోంది. పొద్దున్నే బైకు తీస్తూ దాన్ని చూస్తుంటే నాకే జాలేస్తోంది."

"మరి అమ్మ? మోకాలి ఆపరేషనైన మనిషి. ఆ బండెక్కాలంటే నిచ్చెన వెయ్యాలి."

"అమ్మ ఎలాగూ ఎక్కడికీ రావట్లేదు కదే" అన్నాడు.

అసలు సమస్య అదే. నాన్న ఉన్నప్పుడు అమ్మానాన్నలిద్దరూ వారానికి రెండుసార్లైనా ఆ చిన్న కారులో బయటపడేవాళ్ళు. పనుంటే పనికి, లేకపోతే ఊరికే. పెట్రోలు బంకులో గాలి కొట్టించుకుని వచ్చినా సరే, ఏదో యాత్ర చేసొచ్చినట్టు ఆ సంగతులు రెండు రోజులు చెప్పుకునేవాళ్ళు. ఇప్పుడు ఎవరు పిలిచినా అమ్మ "ఇవాళ కాదులే" అంటోంది. కూతురు ఇంటికి రమ్మన్నా, కొడుకు పార్కుకి తీసుకెళ్తానన్నా అదే మాట. దిగులేనని పిల్లలిద్దరూ అనుకున్నారు. దిగులు తగ్గిన రోజున అమ్మ మళ్ళీ నాన్న కారులో ముందు సీట్లో కూర్చుని ఎక్కడికో ఒకచోటికి బయల్దేరుతుందని డాక్టరమ్మ నమ్మకం. ఆ సీటే చేజారిపోతే అమ్మ ఇంక ఆ ఇంట్లోనే ఉండిపోతుంది. మొద్దుబారిన మనసులో కదులుతున్నది ఆ భయం ఒక్కటే. అందుకే దాన్ని గట్టిగా పట్టుకుంది.

"అమ్మని కూడా తీసుకురా" అంది.

ఎందుకంటే ఆ యార్డులో ఒక ఆచారం ఉంది. కొనబోయే బండిని, అందులో తిరగబోయే ప్రతివాళ్ళూ మూడుసార్లు ఎక్కి దిగాలి. ఆ తర్వాతే సంతకం. యార్డు మొదలుపెట్టిన పెద్దాయన పెట్టిన రూలు అది. "మొదటిసారి సంబరం ఎక్కిస్తుంది. రెండోసారి మొహమాటం ఎక్కిస్తుంది. మూడోసారే ఒళ్ళు నిజం చెప్తుంది" అంటాడాయన. ఆ మూడోసారి దగ్గర ఎంతోమంది మనసు మార్చుకోవడం డాక్టరమ్మ చూసింది. అమ్మ రెండోసారికే ఆయాసపడుతుంది. ఆకుపచ్చ బండి అద్దాల్లోనే ఉండిపోతుంది. ఇదీ ఆమె లెక్క.

శనివారం పదకొండింటికి నాన్న కారు యార్డు గేట్లోంచి లోపలికి వచ్చింది. బూడిదరంగుది, పదకొండేళ్ళది. దాన్ని చూస్తే ఏమవుతుందోనని డాక్టరమ్మ ముందే గుండె చిక్కబట్టుకుంది. ఏమీ కాలేదు. ఒక కారు వచ్చి ఆగింది, అంతే.

పెద్దాయన ఆఫీసు గుమ్మంలోంచి పిలిచాడు. "ఇంటి బండికి నువ్వు ధర కట్టకు తల్లీ. నేను చూస్తాలే."

"పర్వాలేదండీ. నేనే చూస్తాను."

అన్నయ్య కొత్త చొక్కాలో దిగాడు. అమ్మ మాత్రం డ్రైవరు పక్క సీట్లోనే కూర్చుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి నవ్వింది.

"నేనిక్కడే కూర్చుంటానే అమ్మడూ. మీరు చూసుకోండి."

"సరేలే అమ్మా, ముందు బయటంతా చూస్తాను."

డాక్టరమ్మ పని మొదలుపెట్టింది. మీటరు బానెట్ మీద, తలుపుల మీద ఆనిస్తూ అంకెలు రాసుకుంది. నాన్న రాసిపెట్టిన సర్వీసు చీటీ అద్దం మూలలో ఉంది. ఆయన పోవడానికి వారం ముందుది. దానిమీది కిలోమీటర్లకీ, ఇప్పుడు కారు చూపిస్తున్న కిలోమీటర్లకీ మధ్య నలభై కూడా తేడా లేదు. నాలుగు నెలల్లో కారు కదిలింది అంతే. చివరికి అమ్మ వైపు తలుపు తెరిచింది.

తలుపు కిందికి జారింది. ఒక వేలు మందం. మూసేటప్పుడు చేత్తో కాస్త పైకెత్తితే గానీ పట్టలేదు. వంగి చూసింది. కీళ్ళ దగ్గర ఇనుము తెల్లగా మెరుస్తోంది. తుప్పు పట్టలేదు, దుమ్ము పేరుకోలేదు. అంటే అరుగుడు కొత్తది. గడప అంచున తలుపు రాసుకుని రంగు లేచిపోయిన చోటు కూడా కొత్తదే.

"దీన్ని ఎక్కడ కొట్టావు?" అని అన్నయ్యని అడిగింది.

"నేనా? నేను ఆ తలుపు ముట్టుకుంటేగా!"

"కొట్టినది కాదులే. ఎవరో రోజూ దీనిమీద బరువు వేశారు."

"ఎవరు వేస్తారే? కారు పార్కింగులోంచి కదల్లేదు. చిన్నపిల్లలు ఊగారేమో."

"పిల్లలు ఊగితే మధ్యలో వంగుతుంది. ఇది పైనుంచి లాగిన బరువు."

అమ్మ చేతిసంచి జిప్పు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. డాక్టరమ్మ గమనించింది గానీ దాని మీద మనసు పెట్టలేదు. ఆమె బుర్ర నిండా మూడుసార్లే ఉంది.

"రా అమ్మా. అన్నయ్య కొనే బండి మూడుసార్లు ఎక్కి దిగాలి. ఇక్కడి రూలు."

"ఎక్కుతాలే" అంది అమ్మ. "ముందు దీంట్లోంచి దిగాలిగా."

మామూలుగానే అంది. కాళ్ళు రెండూ బయట పెట్టింది. ఒక చెయ్యి సీటు వెనక్కి, రెండో చెయ్యి తలుపు పైఅంచుకి వేసింది. ఒకటి, రెండు అని పెదాలతోనే లెక్కపెట్టి, ఒళ్ళంతా తలుపు మీద వేలాడేసి లేవబోయింది. తలుపు కిర్రుమంది. సగం లేచి మళ్ళీ కూర్చుండిపోయింది. మళ్ళీ లెక్కపెట్టింది.

డాక్టరమ్మ చేతిలో టార్చి పట్టుకుని అలాగే చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మనుషులు కార్లు ఎక్కడం వందలసార్లు చూసింది. ఎక్కేటప్పుడు వాళ్ళ మొహాలు చూసేది. దిగేటప్పుడు మాత్రం కాగితం మీద టిక్కు పెట్టుకునేది. దిగడం కూడా ఒక పనేనని ఆమెకి ఎప్పుడూ తట్టలేదు.

చెయ్యి అందించింది. అమ్మ దాన్ని పట్టుకుని లేచి, చీర సర్దుకుని, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసింది.

"తలుపు నేనే పాడుచేశానే" అంది చిన్నగా. "ధర తగ్గిస్తారా?"

"ఎప్పుడు పాడుచేశావు?" అన్నాడు అన్నయ్య. "నువ్వసలు కిందికే రావుగా!"

"నువ్వు ఆఫీసుకెళ్ళాక వస్తా. రెండో తాళంచెవి వంటింటి మేకుకే ఉందిగా. మధ్యాహ్నం పార్కింగులో ఎవరూ ఉండరు. కూర్చుంటా, లేస్తా. నేర్చుకుందామని."

"ఏం నేర్చుకుందామని?"

"లేవడమేరా. నడక వచ్చింది, మెట్లు వచ్చాయి. ఇంత కిందున్న సీట్లోంచి లేవడమే రాలేదు. ట్యాక్సీలైనా ఇదే ఎత్తు. ఒక్కోరోజు పది నిమిషాల్లో వచ్చేస్తా. ఒక్కోరోజు అరగంట అలా కూర్చునే ఉంటా. ఒకసారి వాచ్‌మన్ చూసి, ఏసీ వెయ్యమంటారా అమ్మగారూ అని అడిగాడు." అమ్మ తనే నవ్వింది. "వద్దులే నాయనా, ఊరు దగ్గరికొచ్చేసింది, దిగిపోతా అన్నాను."

టై గారు ఫక్కున నవ్వబోయి, డాక్టరమ్మ మొహం చూసి ఆపుకున్నాడు.

"నాన్న ఉన్నప్పుడో?" అంది డాక్టరమ్మ.

"ఆయన చుట్టూ తిరిగొచ్చి నిలబడేవారు. ఏదో ఒకటి మాట్లాడుతూనే లాగేసేవారు. లాగుతున్నారని నాకే తెలిసేది కాదు."

"మమ్మల్ని అడగొచ్చుగా అమ్మా!" అన్నాడు అన్నయ్య.

"అడగొచ్చు" అంది అమ్మ. "వెళ్ళిన ప్రతిచోటా, దిగిన ప్రతిసారీ అడగాలి. దానికంటే ఇవాళ కాదులే అనడం తేలిక."

డాక్టరమ్మకి ఏడుపు రావాల్సిన చోటు ఇదేనని తెలుస్తోంది. రాలేదు. లోపల ఎక్కడో చాలా దూరంలో, గోడ అవతల ఎవరో సామాను జరుపుతున్నట్టు మాత్రం ఉంది. నాలుగు నెలలుగా దిగులు అని పేరు పెట్టి ఊరుకున్నది మోకాలి నొప్పి. ఏ కారు అమ్మని బయటికి తెస్తుందని తను ఇంత గట్టిగా పట్టుకుందో, అమ్మ ఇంట్లో ఉండిపోయింది ఆ కారు వల్లే.

పెద్దాయన ఆకుపచ్చ బండి బయటికి తెప్పించాడు. దగ్గరగా చూస్తే నిజంగానే ఏనుగులా ఉంది. తలుపు కింద అడుగు పెట్టడానికి నల్లటి పలక ఒకటి ఉంది గానీ, అదీ ఎత్తే.

"అమ్మో, ఇది బండా మేడా?" అంది అమ్మ.

"మెల్లిగా అత్తయ్యగారూ" అన్నాడు టై గారు. బండి కొనేలా ఉన్న ప్రతి పెద్దావిడా అతనికి అత్తయ్యే. "పైన పట్టుకోడానికి పిడి ఉంది."

"కసరత్తు నేర్పిన అమ్మాయి చెప్పింది" అని అమ్మ బడిపిల్లలా అప్పజెప్పింది. "ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు."

మొదటిసారి ఎక్కడానికి చాలాసేపు పట్టింది. మంచి కాలు పలక మీద పెట్టింది, పిడి పట్టుకుంది, ఆగింది, "హమ్మ" అంది, ఇంకోసారి "హమ్మ" అంది. అన్నయ్య వెనకనుంచి మోయబోతే "నువ్వు తప్పుకో, పడితే నీమీద పడతాను" అని తరిమింది. చివరికి సీట్లో కూలబడి, చెమట తుడుచుకుంది. డాక్టరమ్మ అలవాటుగా కాగితం మీదికి చూపు తిప్పబోయి, ఆపి, అమ్మ పాదాలనే చూసింది.

అమ్మ సీట్లో పక్కకి తిరిగింది. అంచుదాకా జరిగింది. ఆపరేషన్ కాలు పలకని తాకింది, రెండో కాలు దాని పక్కకి చేరింది, పిడి పట్టుకుని ఒక్క అడుగు కిందికేసింది. నేలమీద నిలబడింది. లేవాల్సిన పనే పడలేదు, జారడమే.

తను చేసిన పని అమ్మకే అర్థంకానట్టు నేల వైపు చూసుకుంది.

"ఇదేంటే, అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"మళ్ళీ ఎక్కుతా."

రెండోసారి ఒక్క "హమ్మ"తో ఎక్కింది. మూడోసారి ఎక్కి, వెంటనే దిగకుండా ముందు అద్దంలోంచి, పక్క అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. "ఆ ప్రహరీ అవతల ఎవరో మిద్దె మీద ఎంత బాగా మొక్కలు పెంచుకున్నారో! కింద కారులోంచి గోడే కనిపించింది." తర్వాత పిడి కూడా పట్టుకోకుండా దిగేసి, చీర కుచ్చిళ్ళు దులుపుకుంది.

"అది ఎక్కడం సుఖం, దిగడం కష్టం. ఇది ఎక్కడం కష్టం, దిగడం సుఖం" అంది. "కష్టపడి ఎక్కుతాలే. ఎక్కేటప్పుడు ఇంటి దగ్గరే ఉంటాగా, ఎంతసేపు పడితే ఏం? దిగేది నలుగురిలో."

అన్నయ్య మొహం వెలిగిపోయింది. "చూశావా చిన్నీ! నేను చెప్తే వినవు."

"నువ్వు అమ్మ కోసం కొంటున్నావా?" అంది డాక్టరమ్మ. "పార్కింగు కోసం కొంటున్నావు. గుడ్డివాడి రాయి కొబ్బరికాయకి తగిలింది, అంతే."

"తగిలిందిగా!"

"తగిలింది" అని ఒప్పుకుంది.

ఒక చుట్టు తిప్పి చూపిస్తానని టై గారు వెనక సీట్లో ఎక్కాడు. అన్నయ్య తోలుతుంటే, అమ్మ పక్కన రాణిలా కూర్చుని గేటు దాటిపోయింది. చెయ్యి ఊపింది కూడా, యార్డులో ఎవరూ పెద్దగా చూడనంత చిన్నగా.

డాక్టరమ్మ నాన్న కారు దగ్గర కూర్చుని కాగితం పూర్తిచేసింది. ముందు తలుపు, కీళ్ళు అరిగాయి. కారణం అన్న గడిలో చాలామంది యజమానులు చెప్పిన అబద్ధాలు రాసేది. ఇక్కడ 'వాడకం' అని రాసింది. అరుగుదలకి ఎంత తగ్గించాలో అంతే తగ్గించింది, పైసా అటూ ఇటూ చెయ్యలేదు. సంతకం పెట్టింది. పెద్దాయన వచ్చి కాగితం చదివి తీసుకెళ్ళాడు. ఆమె అక్కడే కూర్చుంది. ఎండ బాగానే ఉంది. ఒంటికి తగులుతోందో లేదో తెలియలేదు.

అరగంటైనా వాళ్ళు రాలేదు. ఫోన్ మోగింది. అమ్మ.

"అమ్మడూ, కళ్ళజోడు దుకాణంలో ఉన్నానే. మీ యార్డు వెనక రెండు సందులవతల, పెద్ద గడియారం బొమ్మ ఉంటుందే, దాని పక్కన. దారిలో కనిపిస్తే ఆపమన్నాను."

"అన్నయ్యకివ్వు."

"వాడెక్కడున్నాడు? అంత బండి పెట్టడానికి చోటే లేదట. ఆ టై అబ్బాయీ వాడూ ఊరంతా తిరుగుతున్నారు. ఇప్పటికి మూడుసార్లు దుకాణం ముందునుంచి వెళ్ళారు. నేను మొదటి చుట్టులోనే దిగేశాను."

"ఎవరు దింపారు?"

"ఎవరు దింపుతారే? నేనే దిగాను."

డాక్టరమ్మ కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడింది.

"ఇక్కడ ఫ్రేములు చూపిస్తున్నారు. నల్లదొకటి, తేనెరంగుదొకటి. ఏది తీసుకోమంటావు?"

"నల్లది."

"చూడకుండానే ఎలా చెప్తావు? నా మొహం మర్చిపోయావా? వచ్చి చూసి చెప్పు. ఈ అబ్బాయి నాకు కుర్చీ కూడా వేశాడు. చేతులున్న కుర్చీ, మంచి ఎత్తు."

డాక్టరమ్మ మీటరు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "కాసేపట్లో వస్తానండీ" అని పెద్దాయనకి చెప్పి, జవాబు వినకుండానే గేటు దాటింది.

మొదటి సందు మలుపులో ఆకుపచ్చ బండి ఎదురొచ్చింది. అన్నయ్య అంత ఎత్తునుంచి తల బయట పెట్టి, చెమటలు కక్కుతూ అరిచాడు.

"చిన్నీ, ఎక్కు! ఎక్కడైనా చోటు కనిపిస్తే చెప్పు!"

"నువ్వు తిరుగుతూ ఉండు. నేను నడిచి నీకంటే ముందే చేరతాను."

అలా అన్నాక నాలుగడుగులు మామూలుగానే వేసింది. పక్కన కూరగాయల బండివాడు ఎందుకు తప్పుకున్నాడో, చెప్పులు రోడ్డు మీద అంత చప్పుడెందుకు చేస్తున్నాయో ఆమెకి అర్థం కాలేదు. రెండో సందు మలుపు తిరిగి, ఆయాసంతో గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డప్పుడు గానీ తను పరుగెత్తుకొచ్చిందని తెలియలేదు. గోడ కాలుతోంది. చెయ్యి చప్పున వెనక్కి తీసుకుంది.